తోడు పట్టీ

“ఆ గొట్టంలో గాలిబుడగ ఉండిపోతే ఏమైపోద్దండి సిస్టరు గారూ? లోపలికెళ్ళి గుండెని పట్టేస్తదంట కదా. మా వీధిలో ఒకావిడ చెప్పింది.”

అప్పటికింకా ఏమీ మొదలుకాలేదు. సూది కవరు కూడా చింపలేదు. సిస్టర్ పైడితల్లి సింకు దగ్గర నిలబడి వేళ్ళ సందులు రుద్దుకుంటోంది. తీరిగ్గా చేతులు తుడుచుకుని వీరవేణి వైపు తిరిగింది.

“అందుకే కదమ్మా, ముందుగాల గొట్టం నిండా మందు నింపి, ఉన్న గాలంతా బయటికి తోలేసేను. ఇదిగో, నువ్వే సూడు. ఒక్క బుడగైనా ఉందేటి?”

వీరవేణి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి గొట్టం పొడుగునా చూసింది. “అదిగోనండి, అక్కడ మెరుస్తోంది!”

“అది లైటమ్మా.”

విశాఖపట్నంలో సముద్రం కనబడే గుట్ట మీద ఉందా పరిశోధనాసుపత్రి. మంచం మీద ఉన్నది వీరవేణి ఒక్కగానొక్క కూతురు హిమజ. నరసాపురంలో ఇంటర్ చదువుతున్న పిల్ల. ఒక జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక పాదాలు తిమ్మిరన్నది. తర్వాత మోకాళ్ళు నిలబడలేదు, చేతులు లేవలేదు, చివరికి ఊపిరి కూడా సొంతంగా తీసుకోలేకపోయింది. ఇప్పుడు మెడకు రంధ్రం పెట్టి ఊపిరి మిషను గొట్టం వేశారు. కనురెప్పలు సగం తెరుచుకుని ఉంటాయి, కదలవు. గిల్లినా తెలియదు. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదనీ, చెవులు చక్కగా వినిపిస్తున్నాయనీ డాక్టర్ యామిని మొదటిరోజే చెప్పింది. వీరవేణి ఆ మాట వింది కానీ, మనసులో పెట్టుకోలేదు. పలకని పిల్ల వింటోందంటే నమ్మడం కష్టం.

జబ్బుకు మందుంది. రక్తనాళంలోకి చుక్కచుక్కగా, రోజుల తరబడి ఆగకుండా ఎక్కాలి. చిక్కటి మందు. సూది రవ్వంత జరిగి అది చర్మం కింద కారిందంటే అక్కడ కండ చచ్చిపోతుంది. వేరే రోగి అయితే ‘మండుతోంది’ అని అరుస్తాడు. హిమజకి అరిచే వీలు లేదు.

దానికోసమే డాక్టర్ యామిని ఏళ్ళ తరబడి కష్టపడి తోడు పట్టీ తయారుచేసింది. చూడ్డానికి వెడల్పాటి జడరిబ్బనులా ఉంటుంది. జంటలో ఒకటి హిమజ ఎడమ మోచేతి పైన కట్టింది. రెండోది వీరవేణి ఎడమ మోచేతి పైన చుడుతూ చెప్పింది.

“వాపు పైకి కనబడితేగానీ మిషన్లకి తెలియదండీ. రక్తనాళానికి అంతకు ముందే తెలుస్తుంది. కానీ అది పెట్టే కేక మీ అమ్మాయి మెదడు దాకా పోవడం లేదు, మధ్యలో దారి తెగింది. ఆ కేకని మేం మీ చేతిలోకి మళ్ళిస్తున్నాం. రక్తసంబంధం ఉన్నవాళ్ళకైతే బాగా అందుతుంది.”

“పిల్లకి షాకు కొట్టదు కదండీ?”

“కొట్టదు. మీ సంగతి వినండి. పట్టీ ఉన్నంతసేపూ మోచేతి కింద మీ చెయ్యి మీకు తెలియదు. అందరికీ చాలావరకు తిరిగి వస్తుంది. ఎక్కువకాలం కట్టుకుంటే మాత్రం, పూర్తిగా రాకపోవచ్చు.”

“పట్టీ బిగుతుకి పిల్ల చెయ్యి నల్లబడదు కదండీ?”

డాక్టర్ యామిని ఆమె ముఖంలోకి చూసి ముడి సరిచేసింది.

పైడితల్లి హిమజ మణికట్టుకున్న పేరు పట్టీ చదివి, మందు సంచి మీద పేరుతో సరిచూసి, సూది పెట్టింది. పారదర్శకంగా ఉండే ప్లాస్టరు వేసి, దానిమీద తారీకు రాసింది. సంచి నుంచి దిగే గొట్టానికి చిన్న ప్లాస్టిక్ చక్రం ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పితే చుక్కలు పెరుగుతాయి, తగ్గుతాయి. మందు తోసే మోటారు పంపు పెడితే దాని అదురు కూడా పట్టీకి నొప్పిలా అందుతుందని ఈ వార్డులో పాత పద్ధతే ఉంచారు.

“చల్లగా పాకినట్టుంటే మందు పక్కకి కారుతున్నట్టు. గీత గీసినట్టు మండితే నాళం వాస్తున్నట్టు. ఏటనిపించినా నన్ను పిలు. ఆ చక్రం జోలికి మాత్రం నువ్వెళ్ళకు. అది నాను తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు.”

“ఆయ్. ముట్టుకోనండి.”

చక్రం తిరిగింది. వీరవేణి చెయ్యి ఆమెకు తెలియకుండా పోయింది. ఆ చోటులో మరొకటి వచ్చి చేరింది. నీళ్ళు వదిలిన పిల్లకాలువలో అరచెయ్యి పెట్టినట్టు, మెల్లగా, ఆగకుండా ఏదో ప్రవహిస్తోంది. అది కూతురు. ఇన్నాళ్ళకి పిల్ల దగ్గర్నించి ఏదో ఒకటి అందుతోంది. వీరవేణి కుడిచేత్తో ఆ ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

*

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో రోగుల వాళ్ళు వండుకుంటారు. పట్టీ అంతదూరం అందుతుందని డాక్టరు చెప్పింది కాబట్టి వీరవేణి పూటకోసారి అక్కడికి వెళ్ళి అన్నం వార్చుకునేది. భర్త సత్తిబాబు రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాడు. సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి వచ్చేస్తాడు. ఆ వేళ వచ్చి పీట మీద కూర్చోబోతూ గావుకేక పెట్టాడు.

“ఒసే! చెయ్యి తియ్యి! గంజి!”

మరుగుతున్న గంజి వీరవేణి ఎడమ మణికట్టు మీద నుంచి కారుతోంది. ఆమె నిదానంగా చూసుకుని, గిన్నె దించి, చేతిని కుళాయి కింద పెట్టింది. చర్మం తెల్లగా ఉబ్బుతోంది.

“మంట లేదా?”

“తెలవట్లేదండి. కంగారు పడకండి, పిల్ల చెయ్యి కాదుగా.”

సత్తిబాబు ఆ మణికట్టుకి కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాడు. ఆమె మాత్రం వేరేవైపు చూస్తూ లోపలి కాలువ చప్పుడు వింటోంది.

నరసాపురంలో ఆమె లేసు అల్లుతుంది. కుడిచేతిలో సూదున్నా, పని నడిపేది ఎడమచెయ్యి. చూపుడువేలి మీదుగా దారం జారుతూ ఉంటే, బిగిసినప్పుడు ఆ వేలే వదులు చేస్తుంది, వదులైనప్పుడు ఆ వేలే లాగుతుంది. మనిషి కబుర్లు చెబుతున్నా, కూర ఏం వండాలా అని ఆలోచిస్తున్నా వేలు తన పని తాను చేసుకుపోతుంది. ఇక్కడికీ దారం ఉండ తెచ్చుకుంది కానీ, ఇప్పుడా వేలికి దారం తెలియడం లేదు. సంచిలో పెట్టేసింది.

మందు మొదలైన మర్నాటి నుంచే పిలుపులు మొదలయ్యాయి.

“సిస్టరు గారండీ, బిగుసుకుంటోందండి!”

“చల్లగా ఉందా?”

“లేదండి.”

“మంటేటి?”

“అదీ కాదండి. ఎవరో గుప్పిట్లో పట్టి నొక్కేసినట్టు.”

పైడితల్లి వచ్చేది. చేతులు కడుక్కునేది. చక్రం మూసి చుక్కలు ఆపేది. ప్లాస్టరు లోంచి సూది చోటు చూసి, చుట్టూ మెత్తగా వత్తి, రెండు చేతులూ పక్కపక్కన పెట్టి వాపు పోల్చేది. గొట్టం ఎక్కడైనా మడతపడిందేమో తడిమేది. “బాగానే ఉందమ్మా,” అని మళ్ళీ చుక్కలు వదిలేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కాసేపటికి మళ్ళీ పిలుపు.

చివరికి డాక్టర్ యామిని వచ్చింది. “అమ్మా, మీరు పిలిచిన ప్రతిసారీ మందు ఆగుతోంది. ఇది ఆగకుండా ఎక్కాల్సిన మందు. మీ భయమూ పట్టీ చెప్పేదీ కలిసిపోతున్నాయేమో అనిపిస్తోంది. ఇలాగే అయితే పట్టీ మీ ఆయనకి మార్చాలి.”

సత్తిబాబు మంచివాడే. కానీ తలగడ దొరికితే చాలు, పక్కన పిడుగు పడ్డా లేవడు. ఆ చేతికి పట్టీ కడితే పిల్ల కండ మాడిపోయినా తెల్లారేదాకా తెలియదు. పైగా, ఆ కాలువ తన చేతిలోంచి పోతుంది. వీరవేణి తల ఊపింది. ఇంక పిలవకూడదనుకుంది.

*

మధ్యాహ్నం వార్డు నిశ్శబ్దంగా ఉంది. పైడితల్లి పక్క గదిలో ఉంది. వీరవేణి కూతురి నుదురు తుడుస్తూ, అలవాటుగా మాటల్లో పడింది.

“అమ్మలూ, ఈ మందు పనిచెయ్యకపోతే ఎలాగే? ఇంకోటి లేదంటున్నారు. ఆ ఊపిరి మిషను ఆగిపోతే? కరెంటు పోతే జనరేటరుందన్నారు గానీ అందులో ఆయిలు పోశారో లేదో ఎవరు చూశారు? నువ్వు లేకపోతే మీ నాన్న...”

చెయ్యి బిగిసింది. గుప్పిట పట్టినట్టు, ఇంకా గట్టిగా.

పిలిస్తే పట్టీ తీసేస్తారు. ఆమె నోరు మూసుకుంది. అప్పుడు కుడిచెయ్యి తనంతట తాను లేచింది. దారం బిగిసినప్పుడు వేలు వదులు చేసినట్టే, ఆలోచన లేకుండా, చక్రాన్ని కొద్దిగా మూసే వైపు జరిపింది. చుక్కలు నెమ్మదించాయి. వీరవేణి ఊపిరి బిగబట్టి, మాట్లాడకుండా ఆ చుక్కల్నే చూస్తూ కూర్చుంది.

కాసేపటికి బిగువు సడలింది.

‘ఇంతేనా,’ అనుకుంది. ‘మందు తోసుకుపోతుంటే పాపం తట్టుకోలేకపోతోంది. కొంచెం వదులు చేస్తే చాలు.’

ఆ తర్వాత బిగిసినప్పుడల్లా అదే చేసింది. పైడితల్లి వచ్చే అలికిడి కాగానే చక్రాన్ని మళ్ళీ ఉన్నచోటికి జరిపేది. పిలుపులు ఆగిపోయాయి. డాక్టరు కూడా మెచ్చుకుంది. వీరవేణికి ఎన్నాళ్ళగానో లేని నిమ్మళం వచ్చింది.

*

వేళకి అయిపోవాల్సిన సంచులు మిగిలిపోతూ వచ్చాయి. మందు మొదలైన వారానికి సూది పూడుకుపోయింది. చుక్కలు మరీ నెమ్మదిస్తే సూదిలో రక్తం గడ్డకడుతుంది. పైడితల్లి సిరంజితో కొద్దిగా సెలైన్ పంపి చూసింది. అడ్డం తగలగానే ఆపేసింది.

“తోసెయ్యండి సిస్టరు గారూ, పోద్దేమో!”

“తోస్తే ఆ గడ్డ లోపలికెళ్ళి ఇంకెక్కడో అడ్డం పడతాదమ్మా. తియ్యాల్సిందే.”

పాత సూది తీసి, ఇంకో చోట కొత్తది పెట్టింది. ఆ పోటు సూటిగా వీరవేణి చేతిలోకి దిగింది. మొదటిసారి పెట్టినప్పుడు కూడా ఇంత నొప్పి కలగలేదు. ఇది తనవల్ల వచ్చిన పోటు.

రక్తపరీక్ష చూసి డాక్టర్ యామిని ముఖం మారింది. “ఎక్కాల్సిన దాంట్లో సగం కూడా ఎక్కలేదు. మొత్తం మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలి. పైడితల్లీ, చుక్కలు పెట్టింది నువ్వే కదా?”

“నేనేనండి. పెట్టి, చూసే వెళ్ళానండి.”

“మరి ఇది ఎలా జరిగింది? నిన్ను ఈ వార్డులో ఉంచమని నేను ఎవరికి చెప్పగలను చెప్పు?”

పైడితల్లి తల దించుకుంది. తన చేతివేళ్ళకేసి చూసుకుంటోంది, అవి ఎక్కడ తప్పాయో గుర్తుచేసుకుంటున్నట్టు.

“ఆవిడ కాదండి,” అంది వీరవేణి. “నేను తిప్పానండి.”

డాక్టర్ యామిని ఆమె వైపు తిరిగింది.

“బిగుసుకుంటోందండి. పిలిస్తే పట్టీ తీసేస్తారనీ... లేసులో దారం బిగిస్తే వదులు చేస్తాం కదండి, చెయ్యి అలాగే పోయింది. తిప్పగానే సర్దుకునేదండి. మేలు చేస్తున్నాననుకున్నానండి.”

డాక్టర్ యామినికి కోపం వచ్చింది. అది మెడ దాకా ఎర్రగా పాకింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

“తిప్పగానే సర్దుకునేదా?”

“ఆయ్. కాసేపటికి.”

“ఆ కాసేపూ మీరేం చేసేవారు?”

“ఏం లేదండి. నోరు మూసుకుని చుక్కలు చూసేదాన్ని.”

“వంటషెడ్డులో ఉన్నప్పుడు ఎప్పుడైనా బిగిసిందా?”

వీరవేణి ఆలోచించింది. “లేదండి.”

“మీరు పడుకున్నప్పుడు?”

“లేదండి.”

“అంటే ఈ గదిలో, మీరు మాట్లాడుతున్నప్పుడు.” డాక్టరు పైడితల్లి వైపు చూసింది. “ఏం మాట్లాడుతుంది ఈవిడ?”

పైడితల్లి కాస్త తటపటాయించింది. “భయాలండి. అన్నీ భయాలే.”

డాక్టర్ యామిని హిమజ సగం తెరిచిన కళ్ళలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. “భయపడ్డ మనిషి రక్తంలో ఒక రసం ఊరుతుందమ్మా. అది రక్తనాళాల్ని బిగిస్తుంది. దానికి నరాల దారి అక్కర్లేదు. పట్టీ మీకు అబద్ధం చెప్పలేదు. మీ భయం వల్ల అలా అనిపించిందీ కాదు. మీరంటున్నవన్నీ మీ అమ్మాయి వింటోంది. విని భయపడుతోంది. ఆ భయం మీ చేతిలోకి వస్తోంది. అది చూసి మీరు ఇంకా భయపడి ఇంకా చెబుతున్నారు. నొప్పి కోసం పట్టీ చేశాను. ఇది కూడా మోసుకొస్తుందని నాకు తట్టలేదు.”

వీరవేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జనరేటరు సంగతి. మందు సంగతి. నువ్వు లేకపోతే మీ నాన్న అన్న సంగతి. కదలలేని పిల్ల, చెవులు మూసుకోలేని పిల్ల.

“పట్టీ తీసేస్తానని బెదిరించింది నేను,” అంది డాక్టరు. “ఆ మాట అనకుండా ఉండాల్సింది.”

“నాకు అబద్ధపు పిలుపంటూ లేదమ్మా,” అంది పైడితల్లి. “నువ్వు పిలుస్తావు, నానొస్తాను, చేతులు కడుక్కుంటాను, చూస్తాను. అంతే.”

ఆ సాయంత్రం సత్తిబాబుకి పట్టీ కట్టి చూశారు. రక్తసంబంధం ఉన్నా అతనికేమీ అందలేదు. “ఈగ వాలినట్టు కూడా లేదండి,” అన్నాడు దీనంగా. పట్టీ మళ్ళీ వీరవేణి చేతికే వచ్చింది. ఇంతకాలం పాటు కట్టుకుంటే చెయ్యి ఏమవుతుందో డాక్టరు ఇంకోసారి చెప్పింది. వీరవేణి వింటూనే, మోచెయ్యి చాపి ఉంచింది.

మందు మళ్ళీ మొదలైంది. ఆమె మంచం పక్కన కూర్చుంది. భయం కాని మాట ఒకటి చెప్పాలి. ఎంత వెదికినా దొరకలేదు. నలభై ఏళ్ళలో అలాంటివి దాచిపెట్టుకోలేదు.

“కరెంటు పోదులే అమ్మలూ,” అంది. చెయ్యి బిగిసింది. “కాదు, కాదు. అది వదిలెయ్యి.”

పైడితల్లి వెనక నుంచి నవ్వు ఆపుకుంది. వీరవేణి గోడకేసి చూసింది, కిటికీకేసి చూసింది. ఆఖరికి చేతికొచ్చిన పనే నోటికొచ్చింది.

“ముందు గొలుసు వేసుకో. గుండ్రంగా కలుపు. అందులోంచి రేకలు తీస్తాం కదా, నీకు తెలిసిందే, మామిడిపిందె డిజైను. రేక మొదట్లో సన్నగా ఉండాలి, మధ్యలో ఉబ్బాలి. అక్కడే నువ్వెప్పుడూ తొందరపడేదానివి. మీ పిన్నికి వేసిచ్చిన టేబులు గుడ్డ చూడు, రేకలన్నీ బెండకాయల్లా వచ్చాయి. ఆవిడ దాన్ని టీవీ వెనకవైపు కప్పింది...”

కాలువ వదులుగా, వెడల్పుగా పారింది. నవ్వుకి కూడా ఏదైనా రసం ఊరుతుందేమో డాక్టరుని అడగాలనుకుంది వీరవేణి.

ఒక మధ్యాహ్నం నిజంగానే చల్లగా పాకింది. ఆమె వెంటనే పిలిచింది. పైడితల్లి వచ్చి చక్రం మూసి, చూసి, “వస్తోందమ్మా, ఇప్పుడే మొదలు,” అని సూది తీసేసింది. పైకి ఇంకా వాపు కూడా లేదు. ఎవరూ ఎవరినీ మెచ్చుకోలేదు. వేరే చోట కొత్త సూది పెట్టుకున్నారు, డిజైను మళ్ళీ రెండో వరస నుంచి మొదలైంది.

*

మందు పూర్తిగా ఎక్కాక జబ్బు వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది. ముందు కనురెప్పలు వాలాయి. తర్వాత పాదం కదిలింది. చేతులకి స్పర్శ వచ్చింది. గిల్లితే ముఖం చిట్లించింది. ఊపిరి మిషను తీశారు, మెడ గొట్టం తీశారు, రంధ్రం పూడింది.

వీరవేణి పట్టీ కూడా తీశారు. చెయ్యి మాత్రం రాలేదు. వేణ్ణీళ్ళు పోసినా, చన్నీళ్ళు పోసినా ఒకటే. చూపుడువేలి మీద దారం పెట్టి లాగితే, దారం కదలడం కంటికి కనబడేది, అంతే. డాక్టర్ యామిని ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంకొంతకాలం చూద్దాం,” అంది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె చూపు నేల మీదుంది.

వీరవేణికి అంతకన్నా పెద్ద లోటు ఇంకోటుంది. కాలువ లేదు. పిల్ల లోపల ఏముందో ఇప్పుడు ఆమెకి తెలియదు. హిమజ మాట్లాడటం లేదు. గొంతు బాగానే ఉందన్నారు. అవునంటే కళ్ళు మూయమన్నా మూయలేదు, ఊరికే కిటికీకేసి చూస్తూ పడుకునేది. ‘మాట పోయిందేమో’ అన్న భయం నాలుక చివరిదాకా వస్తే, దాన్ని మింగి, వీరవేణి మామిడిపిందెల గురించి చెప్పేది.

కాళ్ళు పూర్తిగా రావాలంటే ఇంకోసారి మందు ఎక్కించాలన్నారు. ఆ ఉదయం పైడితల్లి ట్రేతో వచ్చింది. వెనక డాక్టరు, తలుపు దగ్గర సత్తిబాబు.

“చేతికి స్పర్శ వచ్చింది కాబట్టి, నొప్పి తెలుస్తుంది,” అంది డాక్టర్ యామిని. “నోటితో చెప్పగలిగితే పట్టీ అక్కర్లేదు. చెప్పకపోతే మాత్రం పట్టీ లేకుండా ఈ మందు నేను ఎక్కించలేను. మీ ఎడమచేతిలో పట్టీ అందుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఈసారి కుడిచేతికి కట్టాలి.”

“రెండో చెయ్యి కూడానా?” అన్నాడు సత్తిబాబు. “తర్వాత అన్నం ఎలా తింటదండి? నాకు కట్టండి, ఇంకోసారి చూడండి.”

వీరవేణి అప్పటికే కుడి జాకెట్టు చెయ్యి పైకి మడిచేసింది. “కట్టెయ్యండి. నాకేం పర్లేదు. మీరు ఊరుకోండి.”

పైడితల్లి ట్రే బల్ల మీద పెట్టింది. “ఒకసారి పిల్లని అడుగమ్మా.”

“అడుగుతూనే ఉన్నాను కదండి. పలకట్లేదు.”

“ఎప్పుడడిగేవు? నొప్పిగా ఉందా అంటావు, ఆ ఊపిరిలోనే నొప్పిగానే ఉంటాదిలే అనేస్తావు. ఆకలేస్తోందా అంటావు, ఎక్కడ తినబుద్ధవుతాదీ అంటావు. అడిగేదీ నువ్వే, చెప్పేదీ నువ్వే. మధ్యన దానికి సందేటి?”

వీరవేణి మంచం అంచున కూర్చుంది. కూతురి ముఖం తన వైపు తిప్పుకుంది.

“అమ్మలూ. సూది పెడుతున్నారు. మందు ఎక్కేటప్పుడు నొప్పెట్టినా, మండినా, చల్లగా పాకినా చెప్పాలంట. నువ్వు చెప్పగలవా, నన్ను పట్టీ కట్టుకోమంటావా?”

అడగడం అయిపోయింది. అలవాటు ప్రకారం ‘పోన్లే, నీవల్ల ఎక్కడవుద్దిలే’ అన్నది పెదవుల దాకా వచ్చి నిలబడింది. వీరవేణి పళ్ళ మధ్య పెదవి పట్టి దాన్ని ఆపింది. కిటికీ బయట ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు. ఆ చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. సత్తిబాబు దగ్గబోయి, మానుకున్నాడు. డాక్టరు చేతిలో పట్టీ సగం విప్పి ఉంది. పిల్ల లోపల ఏముందో చెప్పే కాలువ లేదు, ఈ చెయ్యి ఏమీ చెప్పదు, ఆ కళ్ళు ఏమీ చెప్పవు. అయినా ఆమె మాట్లాడలేదు. కూర్చుంది. ఇంకా కూర్చుంది.

హిమజ పెదవులు విడివడ్డాయి. ముందు గాలి వచ్చింది. గొంతులో ఏదో గీరుకుంది. ఆ కళ్ళు తల్లి జాకెట్టు మడిచి చాపిన కుడిచేతి మీదికి దిగాయి.

“కట్టుకోకు,” అంది హిమజ. కాస్త ఊపిరి కూడదీసుకుంది. “నొప్పెడితే నేనే చెప్తానమ్మా.”